ఎవరి నెత్తురు నార్మల్

ముందే ఒప్పేసుకుంటాను. రెండేళ్ళపాటు మా ఆసుపత్రిలో ఎవరి నెత్తురు సరిగ్గా గడ్డకడుతోందో, ఎవరిది కట్టడం లేదో తీర్పు చెప్పింది మా ఆవిడ. ఆవిడ డాక్టరూ కాదు, నర్సూ కాదు. ఫిజీ దీవుల్లో రాకిరాకి దగ్గర చెరకు పొలంలో పుట్టి, నన్ను కట్టుకున్న పాపానికి ఆసుపత్రి క్వార్టర్స్‌లో కాపురం పెట్టిన మనిషి. ఆమెను ఆ న్యాయపీఠం మీద కూర్చోబెట్టిన మూర్ఖుణ్ణి నేను.

నేను లాబొరేటరీ టెక్నీషియన్ని. ఊళ్ళో సగంమందితో నాకు రక్తసంబంధం ఉందని చెప్పుకునేవాణ్ణి. విన్నవాళ్ళలో కొందరు నవ్వేవాళ్ళు, మిగిలినవాళ్ళు చెయ్యి వెనక్కి దాచుకునేవాళ్ళు. నెత్తురు గడ్డకట్టే పరీక్షలో రోగి నెత్తురు ఒక్కటీ చూస్తే చాలదు. పక్కనే ఆరోగ్యంగా ఉన్న మనిషి నెత్తురు కూడా పెట్టి రెండింటికీ స్టాప్‌వాచ్ నొక్కాలి. ఆ ఆరోగ్యవంతుడి నెత్తురునే కంట్రోల్ అంటారు. అది పైదేశం నుంచి చిన్న సీసాల్లో వచ్చేది. పటాలం తుపాకులతో పార్లమెంటులోకి నడిచిన ఏడాది నుంచి సీసాలు రావడం మానేశాయి. మా డాక్టర్లలో సగంమంది అవే విమానాల్లో ఎదురు దారిన వెళ్ళిపోయారు. దేశంలో కంట్రోల్ తప్పిందని యంగోనా అనే మత్తు వేరు కషాయం గిన్నె చుట్టూ కూర్చున్న ప్రతివాడూ అనేవాడు. నా బాధ అక్షరాలా అదే.

సీసాలు లేకపోతే సిబ్బంది నెత్తురు వాడుకోమని పుస్తకంలో ఉంది. సిబ్బంది నన్ను చూస్తే కారిడార్ మార్చేవాళ్ళు. మా క్వార్టర్స్ లాబొరేటరీ వెనకే. మా ఆవిడకి ఇరవై ఆరేళ్ళు, గుండ్రాయిలా ఉండేది, ఏ మందూ మింగేది కాదు. సోమవారం పొద్దున టీ తాగాక చెయ్యి చాపేది.

"సునో," అనేది సూది దిగుతుంటే, "వంటింట్లో ఉప్పు అయిపోతే నేను పక్కింటికి పోతాను. నీకు నెత్తురు అయిపోతే నా దగ్గరికి వస్తావు. నేను నీకు పెళ్ళామా, దుకానమా?"

"దుకాణమే. అరువు మీద," అనేవాణ్ణి. అప్పట్లో నా హాస్యం ఆ స్థాయిలో ఉండేది.

ఆ నెత్తుటి పైతేటని చిన్న గొట్టాల్లో పోసి, ఒక్కోదాని మీద ఇంగ్లీషులో ఎన్ అని రాసి ఫ్రీజర్లో పెట్టేవాణ్ణి. ఎన్ అంటే నార్మల్. రోగుల నెత్తురు ముప్పై అయిదు సెకన్ల చుట్టూ గడ్డకడుతుంటే, ఆ ఎన్ మాత్రం నలభై అయిదు దాటి తీరిగ్గా కట్టేది. అదే నెలలో పరీక్ష మందు కూడా కొత్త కంపెనీది వచ్చింది. తప్పంతా దాని మీదికి తోసేశాను. మా డాక్టరమ్మ ఒకసారి కాగితం ఊపుకుంటూ వచ్చింది. రాజధాని సూవాలో పుట్టిన గుజరాతీ ఆవిడ, మాటల్లో మొహమాటం లేని మనిషి.

"భయ్యా, నీ లెక్క ప్రకారం ఈ ఊళ్ళో రోగులందరూ ఆరోగ్యవంతుడికన్నా ఆరోగ్యంగా ఉన్నారు. మరి మనం ఆసుపత్రి ఎందుకు తెరుస్తున్నాం?"

"కొత్త మందు, డాక్టర్. కొంచెం బద్ధకం," అన్నాను. బద్ధకం ఎవరిదో ఇప్పుడు చెప్పనక్కర్లేదు. నా పొరపాటు వల్ల ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. అది ఆ రోగుల అదృష్టం, నా గొప్పేమీ లేదు.

మొదటి కడుపు మూడో నెలలో పోయింది. అలా పోవడం మామూలేనని అందరూ అన్నారు, మేమూ అనుకున్నాం. మామూలు కానిది ఇంకోటి ఉంది. గర్భిణి మొదటిసారి క్లినిక్‌కి రాగానే సిఫిలిస్ ఉందేమో చూసే చిన్న పరీక్ష ఒకటి చేస్తారు. దాన్ని వీడీఆర్ఎల్ అంటారు. ఒక చుక్క నెత్తుటి తేట, ఒక చుక్క మందు గాజు పలక మీద కలిపి, దాన్ని నాలుగు నిమిషాలు గిరగిరా తిప్పి, సూక్ష్మదర్శినిలో చూడాలి. రేణువులు గుంపు కడితే పాజిటివ్. మా ఆవిడ పలకని తిప్పింది నేనే. రేణువులు గుంపు కట్టాయి. పెద్ద గుంపు కాదు, చావిడి దగ్గర నలుగురు కూడినట్టు. కానీ కట్టాయి.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ పరీక్ష మందు ఎద్దు గుండెకాయ నుంచి తీసిన కొవ్వుతో తయారవుతుంది. మా అత్త గడప దాటనివ్వని పదార్థం అది. దాని సాక్ష్యం మీద మా ఇంటి పరువు ఊగిసలాడింది.

మా ఫారాల్లో పేరు కింద ఎప్పుడూ ఒక గడి ఉండేది: రేస్. ఫిజియన్, ఇండియన్, ఇతరులు. నేను బళ్ళో ఉండగా స్వతంత్రం వచ్చింది, ఫారం నెత్తిన ముద్ర మారింది. తర్వాత రిపబ్లిక్ వచ్చింది, ముద్ర మళ్ళీ మారింది. గడి మాత్రం కదల్లేదు. క్లినిక్ రిజిస్టరులో కూడా కుడి పేజీ ఫిజియన్లది, ఎడమ పేజీ మాది. అదే రోజు అదే పలక మీద, మా ఆవిడ చుక్క పక్కనే కొండ ఊరి నుంచి వచ్చిన ఒక కాయివీతి ఆవిడ చుక్క కూడా గుంపు కట్టింది. కాయివీతి అంటే ఈ నేల మనుషులు, అసలు ఫిజియన్లు. రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి.

రెండు కాగితాలూ క్లినిక్ సిస్టర్ బల్ల మీద పెట్టాను. ఆవిడా కాయివీతే. ఒడ్డూ పొడుగూ, ఆ నవ్వూ చూస్తే వార్డుకి వేరే దీపం అక్కర్లేదనిపించేది. నాతో మా ఫిజీ హిందీలోనే మాట్లాడేది.

"ఈమెది యాజ్," అంది మొదటి కాగితం చూస్తూనే. చిన్నప్పుడు కాళ్ళ మీద లేచే కురుపుల జబ్బు అది. తగ్గినా నెత్తుట్లో గుర్తు ఉండిపోతుంది, అప్పుడు కూడా పలక ఇలాగే పలుకుతుంది. "మా పల్లెల్లో పాతకాలం వాళ్ళకి అందరికీ ఉంది. ఫైల్లో పెట్టేయ్."

"రెండోది?"

ఆవిడ పేజీ చూసింది, పేరు చూసింది, నన్ను చూసింది. "ఓయిలే," అంది నెమ్మదిగా, అయ్యో అన్నట్టు. "ఇండియన్ అయితే మొగుణ్ణి పిలవాలి భయ్యా. రూల్."

"వచ్చాడుగా. నీ ఎదురుగానే ఉన్నాడు."

ఒకే పలక, ఒకే గుంపు. ఆమె ఫిజియన్ కాబట్టి చిన్నప్పటి కురుపులు, ఈమె ఇండియన్ కాబట్టి మొగుడి తిరుగుళ్ళు. ఇంత దూరం ఆలోచించే తెలివి ఆ రోజు నాకు లేదు. నా చుక్క కూడా తిప్పి చూసుకున్నాను, నెగిటివ్. అయినా రూలు ప్రకారం మా ఇద్దరికీ పెనిసిలిన్ రాశారు. వారంవారం వరసలో నిలబడి రెండు పిర్రల మీదా పొడిపించుకున్నాను. కూర్చోలేక మూడు వారాలు నిలబడి పనిచేశాను. ఏం తప్పు చేశావని ఎవరూ అడగలేదు. అదే ఎక్కువ బాధ.

మా ఆవిడ మాత్రం అడిగింది. పళ్ళెం కడుగుతూ, వెనక్కి తిరగకుండా.

"ఎక్కడికి పోయావు?"

"ఎక్కడికీ పోలేదు."

"మరి నేను పోయానా?"

ఆ ప్రశ్నకి జవాబు సిద్ధంగా ఉన్నవాడు లాబొరేటరీలో ఉండడు, కోర్టులో ఉంటాడు. ఆ తర్వాత చాలాకాలం సోమవారాల్లో చెయ్యి చాపేది గానీ, ఉప్పు మాట ఎత్తలేదు.

ఖచ్చితంగా తేల్చే రెండో పరీక్ష రాజధానిలోనే చేసేవాళ్ళు. మా ఆవిడ నమూనా పంపుతూ, పెట్టెలో చోటుందని కొండ ఊరి ఆవిడ నమూనా కూడా పెట్టాను. ఆమెది పంపమని ఎవరూ అడగలేదు, యాజ్ అని రాసేశాక అడగాల్సిన పనేముంది? జవాబు రావడానికి ఏడు వారాలు పట్టింది. ఇద్దరికీ నెగిటివ్. సిఫిలిస్ లేదు, యాజ్ లేదు. అంటే పలక ఇద్దరి విషయంలోనూ అబద్ధం చెప్పింది. ఎందుకు చెప్పిందో ఎవరూ అడగలేదు. నేను ఆ కాగితం ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడ చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివి ఊరగాయ జాడీ కింద పెట్టింది.

"నయ్ పోయాం, ఇద్దరమూ," అంది. మా హిందీలో నయ్ అంటే లేదు.

రెండో కడుపు అయిదు నెలలు నిలిచింది. కదలిక కూడా తెలిసింది. నా చెయ్యి పట్టుకుని పెట్టించింది ఒకసారి. తర్వాత ఒక మంగళవారం పొద్దున కదలిక ఆగిపోయింది. దాని గురించి ఇంతకన్నా రాయను.

డాక్టరమ్మ ఈసారి అన్ని పరీక్షలూ రాసింది, గడ్డకట్టే పరీక్షతో సహా. నేనే చేశాను. రోగి నలభై ఆరు సెకన్లు, కంట్రోల్ నలభై ఆరు సెకన్లు. ఇంత చక్కగా సరిపోయిన ఫలితం నా ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు. పనితనానికి మురిసిపోయి కింద గీత కూడా గీశాను. ఎన్ అంటే నార్మల్ అనుకునే అలవాటులో, ఎన్ అంటే నా ఇల్లాలు అన్న సంగతి తట్టలేదు. మా ఆవిడను మా ఆవిడతోనే కొలిచి, మా ఆవిడ సరిగ్గా మా ఆవిడంతే ఉందని సంతకం పెట్టాను. బళ్ళో నేను తప్పిన పరీక్షలు చాలా ఉన్నాయి. ఆ తప్పులన్నీ కలిపినా ఇంత బరువుండవు.

ఆమెను పుట్టింటివాళ్ళు రాకిరాకి తీసుకెళ్ళారు. పెనాంగ్ చక్కెర మిల్లు నడిచే రోజులు, క్రషింగ్ సీజన్, గాలంతా బెల్లం వాసన. నేను శని, ఆదివారాలు బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. మా అత్త వరండాలో కూర్చుని పప్పు చెరుగుతూ కోర్టు పెట్టేది. ఆమెది వాళ్ళ నాయన దగ్గర మిగిలిన తెలుగు, దాంట్లో పొలం హిందీ కలిసిపోయింది.

"అల్లుడూ, డాక్టర్ లోగ్ ఏమి చెప్తారు?"

"అన్నీ నార్మల్ అంటున్నారు అత్తా."

"నార్మల్ అయితే పిల్ల ఏది?" చేట ఆపి నా మొహం చూసింది. "మీరు రోజూ మా పిల్ల నెత్తురు తీస్తారు. అంత తీస్తే కడుపులో పిల్లకి ఏమి మిగులుతుంది? నా ఆవు పాలు అట్లా పిండితే నేను ఊరుకోను."

కడుపుతో ఉన్నప్పుడు తియ్యలేదని, పాతవి ఫ్రీజర్లో ఉండేవని చెప్పబోయాను. ఆవుతో పోలిక వచ్చాక వాదన ఎటూ పోదు. అయినా ఆవిడ మాటల్లో కారణం తప్పైనా అనుమానం సరైనదే. నెత్తురు దగ్గరే ఉంది తేలాల్సింది. చేట చేత్తో పట్టుకున్న మనిషి చూసింది, సూక్ష్మదర్శిని పట్టుకున్నవాడు చూడలేదు.

ఆ నెలలో ఫ్రీజర్లో ఎన్ గొట్టాలు అడుగంటాయి. ఒకటే మిగిలింది. సిస్టర్‌ని బతిమాలాను.

"తీసుకో భయ్యా," అంది చెయ్యి బల్ల మీద పరిచి. "కానీ అందరికీ చెప్పు, ఈ ఆసుపత్రి నా నెత్తురుతో నడుస్తోందని."

ఆవిడ నెత్తురు ముప్పై నాలుగు సెకన్లకి గడ్డకట్టింది. స్టాప్‌వాచ్ చెడిందనుకున్నాను. స్వీపర్ది తీశాను, ముప్పై అయిదు. నాది తీసుకున్నాను, ముప్పై మూడు. అప్పుడు ఫ్రీజర్లోని చివరి గొట్టం కరిగించి పెట్టాను. నలభై ఏడు.

కాళ్ళ కింద నేల జారింది అంటారే, అలా ఏం కాలేదు. వెళ్ళి పుస్తకం తెరిచాను. అందులో ఒక దారి ఉంది: నెమ్మదిగా కట్టే నెత్తుట్లో సగం మంచి నెత్తురు కలపాలి. ఏదైనా లోపించి ఆలస్యమైతే మంచి నెత్తురు దాన్ని పూడుస్తుంది, వేళ సరిపోతుంది. సరిపోకపోతే లోపం కాదు, ఏదో అడ్డుపడుతోందన్నమాట. సిస్టర్ది సగం, మా ఆవిడది సగం కలిపాను. ఆ గాజు గొట్టంలో రెండు జాతులూ చిటికెలో కలిశాయి. మా దేశంలో అవి ఇంకెక్కడా అంత సులువుగా కలవలేదు. వేళ మాత్రం సరిపోలేదు. ఏదో అడ్డుపడుతోంది.

ఆ అడ్డు పేరు డాక్టరమ్మ పాత పత్రికల కట్టలో దొరికింది. నోరు తిరగని పేరు, ఆంటీఫాస్ఫోలిపిడ్ ఆంటీబాడీలు. మన నెత్తుట్లోనే పుట్టి, మన కణాల కొవ్వు పొరల మీదే దాడి చేస్తాయి. గాజు గొట్టంలో నెత్తురు కట్టడాన్ని ఆలస్యం చేస్తాయి. ఒంట్లో మాత్రం సరిగ్గా తలకిందులు, కట్టకూడని చోట కట్టిస్తాయి, ముఖ్యంగా బిడ్డకి తిండి అందించే మావిలో. ఎద్దు గుండె కొవ్వుని కూడా పట్టుకుంటాయి కాబట్టి సిఫిలిస్ పలక అబద్ధం చెబుతుంది. చదువుతూ డాక్టరమ్మ తలెత్తింది.

"భయ్యా, రెండేళ్ళ నీ కంట్రోల్ ఎవరు?"

చెప్పాను. ఆవిడ తిట్టలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ శనివారం రాకిరాకిలో మా ఆవిడకి కూడా చెప్పాను, చెరకు బండ్ల రైలు పట్టాల పక్కన నడుస్తూ.

"అంటే అంతా నా నెత్తుట్లోనే ఉండింది. నువ్వు వారం వారం చేత్తో పట్టుకున్నావు."

"పట్టుకున్నాను."

"పట్టుకుని నార్మల్ అని రాశావు."

"రాశాను."

"నన్ను ఎవరూ అంత మంచిగా అనలేదు ఎప్పుడూ," అంది. నవ్విందో ఏడ్చిందో తేలలేదు. కొంచెం దూరం నడిచాక, "మందు ఉందా?" అని అడిగింది.

"ఉంది. రోజుకి చిన్న ఆస్పిరిన్ ముక్క. పొట్ట మీద హెపారిన్ అని సూది మందు, తొమ్మిది నెలలూ."

"అయితే ఇంకొక్కసారి. తర్వాత నయ్."

అంతే, మిగిలింది ఒక్కసారి. ఆ ఒక్కసారి కోసం నేను తిరిగిన తిరుగుడు చెప్తాను.

హెపారిన్ మా ఫార్మసీలోనే ఉంది, తాళం వేసిన బీరువాలో. గర్భిణికి ఇవ్వాలంటే నిపుణుడి సంతకం కావాలి. మా నిపుణుడు బ్రిస్బేన్ వెళ్ళిపోయాడు. ఏడాదికి రెండుసార్లు పైదేశం నుంచి ఒక తెల్లాయన, నిపుణుడే, వచ్చి వెళ్ళేవాడు. అదృష్టం చూడండి, ఆయన చేస్తున్న అధ్యయనం సరిగ్గా ఇదే: గర్భిణుల్లో ఈ ఆంటీబాడీలు ఏ జాతివాళ్ళలో ఎంత ఉన్నాయి అని. ఫిజియన్లు, ఇండియన్లు పక్కపక్కనే ఉండే దీవులు ఆయనకి మంచి పొలంలా కనిపించాయి. మా ఆవిడ నమూనా ఆయన పెట్టెలో పెట్టి పంపాను.

ఆయన జవాబు కోసం చూస్తూ రిజిస్టర్ల దుమ్ము దులిపాను. కుడి పేజీ, ఎడమ పేజీ పక్కపక్కన పెట్టి, పలక అబద్ధం చెప్పినవాళ్ళనీ కడుపులు పోయినవాళ్ళనీ ఒకే కాగితం మీదికి ఎక్కించాను. జాబితా చిన్నదే. కానీ రెండు పేజీల నుంచీ పేర్లు వచ్చాయి. కొండ ఊరి ఆవిడ పేరు ఎదురుగా మూడు కడుపులు పోయినట్టు ఉంది. రాజధాని జవాబు వచ్చాక కూడా ఆమె ఫైలు మీద యాజ్ అనే రాసి ఉంది. సిస్టర్ ఆ కాగితం చూసి, "ఇసా," అంది. అయ్యో పాపం అని దాని అర్థం. యాజ్ అని రాసింది తానే. ఆ వారంలోనే కొండ ఊరికి కబురు పంపింది. ఆమెకి నలభై మూడు దాటాయి, ఇక వద్దనుకుంటున్నానని కబురు తిరిగొచ్చింది. ఆమె విషయంలో మేం ఆలస్యమయ్యాం. దానికి నా దగ్గర హాస్యం లేదు.

తెల్లాయన వచ్చేసరికి మా ఆవిడ క్వార్టర్స్‌కి తిరిగొచ్చింది, మూడో కడుపు, తొమ్మిదో వారం. శుక్రవారం మధ్యాహ్నం సిబ్బంది గదిలో చాప వేసి ఆయనకి యంగోనా ఇచ్చారు. బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చిప్ప అందుకునే ముందు ఒకసారి, తాగాక మూడుసార్లు చప్పట్లు కొట్టాడు, పద్ధతి తప్పకుండా. మర్యాదస్థుడు. అదే చిక్కు. పొగరుబోతైతే తిట్టుకుని తృప్తిపడేవాణ్ణి. నా జాబితా ఆయన చేతికిచ్చాను.

"మీ భార్య ఫలితం చూశాను," అన్నాడు. "ఆంటీబాడీ ఉంది. కానీ జబ్బు అని తేల్చే గీతకి కొంచెం కిందే."

"ఆ గీత ఎవరిది సార్?"

"మా ఊరి రక్తదాతలది. ఆరోగ్యవంతులు."

ఆరోగ్యవంతుల్ని ఎంచడంలో నా అనుభవం గుర్తొచ్చి నోరు మూసుకోబోయాను. మూసుకోలేదు. "మా ఊరివాళ్ళ గీత ఎక్కడుంటుంది?"

"అది ఇంకా ఎవరూ గియ్యలేదు. అందుకేగా ఈ అధ్యయనం."

"మరి ఆ అధ్యయనంలో మా ఆవిడ ఉందా?"

"లేదు." పాపం, ఆయన గొంతులో నిజంగానే విచారం ఉంది. "వీడీఆర్ఎల్ పాజిటివ్ వచ్చినవాళ్ళను మొదటే తీసేశాం. సిఫిలిస్, యాజ్ కలిస్తే లెక్క చెడుతుంది."

"ఆమెకి రెండూ లేవని తేలింది. ఆ పాజిటివ్ వచ్చిందే ఈ ఆంటీబాడీ వల్ల."

"కావచ్చు. కానీ నియమం మొదటి పరీక్ష ప్రకారమే."

అంటే ఎవర్ని వెతకడానికి సముద్రం దాటి వచ్చాడో, వాళ్ళనే గుమ్మంలో ఆపేశాడు. లోపలికి వచ్చినవాళ్ళలో జబ్బు తక్కువని రేపు పత్రికలో రాస్తాడు. ఆ పత్రిక చదివి మా డాక్టర్లు మా ఆడవాళ్ళకి ఇది రాదని చెబుతారు. ఇదంతా ఆయనకి చెప్పాను. ఇంత చక్కగా చెప్పలేదు. యంగోనాకి నాలుక మొద్దుబారి ఉంది, ఇంగ్లీషు కూడా నాకు అప్పుడప్పుడూ చుట్టరికమే.

ఆయన ఓపిగ్గా విన్నాడు. "మీ జాతి స్త్రీలలో ఇంత తక్కువ మోతాదు హాని చేస్తుందనడానికి ఆధారం లేదు. ఆధారం లేకుండా హెపారిన్‌కి సంతకం పెట్టలేను. మీరు అర్థం చేసుకుంటారనుకుంటాను."

ఆధారం మా ఇంట్లో బకెట్ పక్కన కూర్చుని వాంతులు చేసుకుంటోంది. అర్థం చేసుకోవడం నా వల్ల కాలేదు. చిప్ప నా దాకా వచ్చింది. తాగి, మూడుసార్లు చప్పట్లు కొట్టాను. ఇంకేం చెయ్యాలో తెలియక.

సోమవారం డాక్టరమ్మ నన్ను పిలిచి తలుపు వేసింది.

"నా వీసా వచ్చింది భయ్యా. మార్చిలో టొరంటో."

"అందరూ వెళ్ళేవాళ్ళే," అన్నాను. కోపం ఎవరి మీదైనా దిగాలిగా.

"పూర్తిగా విను." ఫార్మసీ ఫారం తీసి, నిపుణుడు అని ఉన్న గడిలో తన సంతకం పెట్టింది. "అడిగితే నా గడిలో చోటు చాల్లేదని చెప్తా. ఉద్యోగం తీసేస్తే టిక్కెట్టు ముందుకి జరుపుకుంటా. పో, సూదులు తెచ్చుకో."

జనం దేశం వదిలిపోతున్నందుకు నేను సంతోషించింది ఆ ఒక్క పూటే.

పొద్దునా సాయంత్రమూ సిస్టర్ మా క్వార్టర్స్‌కి వచ్చి పొట్ట మీద సూది వేసేది. నన్ను వెయ్యనివ్వలేదు మా ఆవిడ. "నీ సూదులు నయ్. నీ కోటా అయిపోయింది," అంది. పొట్టంతా నీలం, పసుపు మచ్చలు. ఆస్పిరిన్ బిళ్ళని బ్లేడుతో నాలుగు ముక్కలు చేసే పని మాత్రం నాకిచ్చింది. ముక్కలు సమానంగా లేవని రోజూ గొడవ. అయిదో నెల మంగళవారాలన్నీ నేను లాబొరేటరీలో గొట్టాలు పగలగొట్టుకుంటూ గడిపాను. ప్రతి మధ్యాహ్నం ఏదో వంక పెట్టుకుని ఇంటికి పరిగెత్తేవాణ్ణి. గుమ్మంలో నన్ను చూడగానే, అడక్కముందే, "కదిలింది, పో," అనేది.

మూడు వారాల ముందే పుట్టింది, ఆడపిల్ల. సిస్టర్ రెండు చేతుల్లో పట్టుకొచ్చి చూపించింది. "చూడు భయ్యా, మనిషి పిల్లి పిల్లంత. గొంతు మాత్రం పెనాంగ్ మిల్లు కూత." మా అత్త బస్సు దిగి వచ్చి పిల్లని వెలుగులో తిప్పి చూసి, నా వైపు వేలు చూపింది. "అల్లుడూ, ఈ పిల్ల నెత్తురు ముట్టుకుంటే చెయ్యి విరుస్తాను." డాక్టరమ్మ అప్పటికి వెళ్ళిపోయింది. పిల్ల ఫొటో టొరంటోకి పంపాం.

తెల్లాయన అధ్యయనం అచ్చయింది. నాకొక ప్రతి పంపాడు, లోపల చివర చిన్న అక్షరాల్లో నాకు కృతజ్ఞతలు. మా ఇండియన్ స్త్రీలలోనూ ఫిజియన్ స్త్రీలలోనూ ఈ సమస్య అంతగా కనిపించలేదని అందులో ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఊరగాయ జాడీ కింద పెట్టబోతే మా ఆవిడ ఒప్పుకోలేదు.

పిల్లకి రెండున్నరేళ్ళప్పుడు ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి దవడ వాచి. పన్ను పీకాలి. గుండెకి ఏదో మందు వాడుతున్నాడు, గడ్డకట్టే పరీక్ష చూడందే పీకనన్నాడు మా దంతవైద్యుడు. ఫారంలో రేస్ గడిని ఆయనే తన అందమైన దస్తూరీతో నింపాడు: యూరోపియన్. నెత్తురు తీశాను, పరీక్ష చేశాను, ఏ దోషమూ లేదు. ఆయన సెకన్లు రాశాను. పక్కన నార్మల్ అనే గడి ఖాళీగా వదిలి కాగితం కిటికీలోంచి ఇచ్చాను.

"ఇది నింపలేదు," అన్నాడు దవడ పట్టుకుని.

"మీ జాతికి ఈ లాబొరేటరీలో ఇంకా గీత గియ్యలేదు సార్."

"మామూలుగా వాడే గీతే వెయ్యండి."

"అది ఫిజియన్లతోనూ ఇండియన్లతోనూ కట్టింది. మీకు వర్తిస్తుందనడానికి ఆధారం లేదు. మీవాళ్ళు ఊళ్ళో ముగ్గురున్నారు, పాదిరీగారు, ఈత నేర్పే ఆయన, బాంకు మేనేజరు భార్య. గీతకి నలభైమంది కావాలి, ఇంకో ముప్పై ఏడుగురు ఆరోగ్యవంతులు దొరికితే సాయంత్రానికల్లా గీసేస్తాను."

ఆయన నన్ను చూశాడు. వాచిన దవడ మీద నవ్వు ఎక్కడానికి చోటు లేదు గానీ, కళ్ళు నన్ను గుర్తుపట్టాయి.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాడు చివరికి.

"కూర్చోండి సార్. తొందరపడితే లెక్క చెడుతుంది."

క్లినిక్ బల్ల మీద చోటు ఖాళీ ఉంది. ఇద్దరు గర్భిణులు జరిగి ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టారు. సిస్టర్ అటూ ఇటూ తిరుగుతూ, ప్రతిసారీ ఆయన దవడ చూసి, "ఇసా," అని జాలిపడింది. దంతవైద్యుడు తలుపు మూయడానికి పావుగంట ఉందనగా గడి నింపి ఇచ్చాను. యాభై నిమిషాలు కూర్చోబెట్టాను. పూర్తిగా గంట అనుకున్నాను గానీ, మనిషికి నొప్పి నిజంగానే ఉన్నట్టుంది.